కార్బన్ కాగితాలనూ వదలలేదు

1961 ఫిబ్రవరిలో సోవియట్ రహస్య పోలీసు సంస్థ కేజీబీ వాళ్లు మాస్కోలో రచయిత వసీలీ గ్రోస్‌మన్ ఇంటికి వెళ్లారు. ఆయనను అరెస్టు చేయలేదు. ‘జీవితం - విధి’ అనే ఆయన నవల రాతప్రతులు, టైపు ప్రతులు పట్టుకుపోయారు. వాటితోపాటు కార్బన్ కాగితాలు, టైపు మిషన్ రిబ్బన్లు కూడా.

ఆ కార్బన్ల సంగతి చదివి చాలాసేపు ముందుకు కదలలేకపోయాను. గుంటూరులో కోర్టు ఎదుట ఏళ్ల తరబడి జాబ్ టైపింగ్ చేసినదాన్ని. కొత్త కార్బన్‌ను ఒక్కసారి వాడి వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే కొట్టిన ప్రతి అక్షరమూ కనిపిస్తుంది. వీలునామా టైపు చేయించుకున్నవాళ్లు కొందరు ఆ కార్బన్ కూడా అడిగి తీసుకుని, నా ముందే చింపేసేవారు. దాయాదుల భయంతో మనుషులు పడే ఆ జాగ్రత్త అంతా ఒక ప్రభుత్వం ఒక నవల విషయంలో పడిందంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

గ్రోస్‌మన్ ఆ వ్యవస్థకు శత్రువేమీ కాదు. ఎర్రసైన్యం పత్రిక విలేకరిగా స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం నడుమ ఉండి వార్తలు రాసినవాడు. ఆయన తల్లిని 1941లో బెర్దీచెవ్‌లో నాజీలు చంపారు. నాజీల శిబిరాలనూ సోవియట్ శిబిరాలనూ ఒకే నవలలో చూపించడం పాలకులకు మింగుడుపడలేదు. ‘జ్నామ్యా’ అనే సాహిత్య పత్రిక ఆ నవలను సోవియట్ వ్యతిరేక రచన అని తిప్పికొట్టింది. మన దగ్గర ఒక పత్రిక కాదంటే ఇంకో పత్రిక ఉంటుంది. ఏదీ కుదరకపోతే అప్పోసప్పో చేసి సొంతంగా అచ్చు వేసుకుంటాం. అక్కడ ప్రెస్సు, కాగితం, పుస్తకాల దుకాణం అన్నీ ప్రభుత్వానివే. వాటన్నిటి మీద 1922లో పెట్టిన గ్లావ్‌లిత్ అనే సెన్సారు కార్యాలయం.

ప్రాణం పెట్టి రాసిన పుస్తకం జైల్లో ఉంటే తాను బయట తిరగడానికి అర్థమేముందని 1962లో ఆయన సోవియట్ అధినేత క్రుశ్చేవ్‌కు ఉత్తరం రాశాడు. పార్టీ పెద్ద సుస్లోవ్ పిలిపించి, నవల తాను చదవలేదనీ, దాని మీద వచ్చిన అభిప్రాయాలు మాత్రం చదివాననీ చెప్పాడు. ప్రతులు తిరిగి ఇవ్వలేదు. 1964లో గ్రోస్‌మన్ క్యాన్సర్‌తో పోయాడు. మిత్రులు దాచిన ప్రతి వల్ల నవల 1980లో స్విట్జర్లాండ్‌లో వెలువడింది. సొంతదేశంలో అచ్చయ్యేసరికి 1988 వచ్చింది.

అదే రాజ్యం మనకోసం రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి), ఉప్పల లక్ష్మణరావు లాంటి రచయితలను మాస్కోలో కూర్చోబెట్టి రష్యన్ పుస్తకాలను తెలుగు చేయించింది. అక్కడి ప్రచురణ సంస్థలు ప్రగతి ప్రచురణాలయం, రాదుగ వేసిన పుస్తకాలను మా నాన్న విశాలాంధ్రలో చవకగా కొని తెచ్చేవారు. చదవడం అనే వ్యసనం నాకు వాటితోనే అంటుకుంది. ఆ రుణం నేను కాదనను. కానీ ఏ పుస్తకం మన దాకా రావాలో నిర్ణయించిన చేతులే గ్రోస్‌మన్ సొరుగులు వెతికించాయని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

ఆ పాత తెలుగు పుస్తకాలను ఓపికగా స్కాన్ చేసి పంచుతున్న మిత్రులకు నాదొక విన్నపం. గ్రోస్‌మన్ నవలను కూడా చదవండి. రాబర్ట్ చాండ్లర్ ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది. పెద్ద పుస్తకమే, తొందరపడకండి. నాజీలు యూదులను బంధించి ఉంచిన గెట్టోలోని తల్లి కొడుక్కి రాసే ఉత్తరం వచ్చేదాకా అయినా చదవండి.