కళ్లాపి ఆరేలోపు తెరుచుకోవాల్సిన ముగ్గు

పోయిన ధనుర్మాసంలో ఒకరోజు తెల్లవారుజామున ఐదున్నరకి అక్క ఫోన్ చేసింది. అక్కది చీరాల దగ్గర పల్లెటూరు. "ఏమే, నీ సైటులో ముగ్గు తెరుచుకునేసరికి ఇక్కడ కళ్లాపి ఆరిపోతోంది. ఒక చేత్తో ముగ్గు గిన్నె, ఒక చేత్తో ఫోను పట్టుకుని వాకిట్లో ఎంతసేపు నిలబడను?" అంది.

ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు. అమ్మ ముగ్గుల నోటుపుస్తకాన్ని స్కాన్ చేసి సైటులో పెట్టిందే అలా వాకిట్లో నిలబడి చూసేవాళ్ల కోసం. ధనుర్మాసం పేజీలో రోజుకొకటి చొప్పున 30 ముగ్గులున్నాయి. ఒక్కొక్కటి దాదాపు 2 ఎంబీ ఉండే పీఎన్‌జీ రకం బొమ్మ ఫైలు. అంటే పేజీ మొత్తం దిగాలంటే 60 ఎంబీ. మా ఇంట్లో వైఫై మీద నాకెప్పుడూ తెలియలేదు. అక్క ఊళ్లో పొద్దున్నే సిగ్నల్ రెండు గీతలుంటే గొప్ప.

జేపెగ్ పెడితే చిన్నదవుతుంది కదా అని అడుగుతారు. జేపెగ్‌లో ట్రాన్స్‌పరెన్సీ, అంటే వెనకున్న రంగు కనపడేలా బొమ్మలో కొంత భాగాన్ని ఖాళీగా వదిలే వీలు, లేదు. నా పేజీ వెనక తడి మట్టి రంగు ఉంటుంది, రాత్రిపూట అది ఇంకా ముదురుగా మారుతుంది. దాని మీద తెల్లటి గీతలు మాత్రమే కనపడాలి, చుట్టూ డబ్బా కనపడకూడదు. జిఫ్ అనే పాత ఫార్మాట్‌లో అయితే ప్రతి పిక్సెలూ, అంటే బొమ్మలోని ప్రతి చిన్న చుక్కా, ఉంటే ఉంది, లేకపోతే లేదు. మధ్యలో ఏమీ లేదు. మెలిక తిరిగిన చోట అంచు రంపపు పళ్లలా కనిపిస్తుంది. 1996లో వచ్చిన పీఎన్‌జీ ఆ బాధ తీర్చింది. ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో పాటు ఆల్ఫా అని నాలుగో అంకె ఒకటి ఉండొచ్చు. మామూలుగా అది 0 నుంచి 255 దాకా ఉంటుంది. గీత అంచు మట్టిలోకి మెల్లగా కలిసిపోయేది ఆ అంకె వల్లే.

గీతలే కదా, గీతల్ని లెక్కలుగా రాసుకునే ఎస్‌వీజీ ఫార్మాట్‌లో చేస్తే సరిపోతుందని ఒక స్నేహితురాలు చెప్పింది. ప్రయత్నించాను. ముగ్గు వచ్చింది కానీ అమ్మ చెయ్యి పోయింది. పెన్ను ఆగిన చోట లావు, తిరిగిన చోట సన్నం, ఒకచోట చిన్న వణుకు, ఇవన్నీ చదును చేసినట్టయిపోయాయి. ఆ వణుకు నాకు కావాలి.

అందుకని వెబ్‌పీ అనే ఇంకో బొమ్మల ఫార్మాట్‌కి వెళ్లాను. గూగుల్ దీన్ని 2010లో ప్రకటించింది. ట్రాన్స్‌పరెన్సీ, ఏమీ పోగొట్టకుండా కుదించే లాస్‌లెస్ పద్ధతి ఆ మరుసటేడాది వచ్చాయి. ఐఫోన్ సఫారీలో 2020లో ఐఓఎస్ 14 వచ్చేదాకా ఇది తెరుచుకునేది కాదు. మా వదినది పాత ఐఫోన్ కాబట్టి అన్నేళ్లూ నేను దీని జోలికి పోలేదు. ఇప్పుడా టెన్షన్ లేదు. నిజానికి వాట్సాప్ స్టిక్కర్లు వాడేవాళ్లందరూ రోజూ వెబ్‌పీ వాడుతున్నట్టే. ఆ స్టిక్కర్ ఫైళ్లు 512 పిక్సెళ్ల చదరంలో ఉండే వెబ్‌పీలు.

ఒక శనివారం కూర్చుని సీవెబ్‌పీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో 30 ముగ్గుల్నీ ఒకేసారి మార్చేశాను. సెట్టింగులేవీ ముట్టుకోలేదు. అంటే క్వాలిటీ 75, కొంత పోగొట్టి కుదించే లాసీ పద్ధతి. సైజు బాగా తగ్గింది. తెల్ల ముగ్గులు చక్కగా వచ్చాయి. రంగులున్న ఆరు ముగ్గుల్లో మాత్రం ఏదో తేడాగా అనిపించి ఒకదాన్ని ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూశాను. పసుపు రేకు పక్కన అమ్మ ఎర్ర స్కెచ్‌తో పెట్టిన కుంకుమ చుక్క. పీఎన్‌జీలో అది గుండ్రంగా, నిండు ఎరుపులో ఉంది. వెబ్‌పీలో ఎరుపు వెలిసిపోయి, దాని చుట్టూ పసుపులోకి నారింజ మరక పాకింది. తడి చేత్తో కుంకుమ ముట్టుకుని పక్కనంతా పులిమినట్టు.

కారణం వెతికితే దొరికింది. లాసీ వెబ్‌పీ వెలుగుని పూర్తి వివరంతో దాచుకుంటుంది కానీ రంగుని అడ్డంగా సగం, నిలువుగా సగం వివరంతోనే దాచుకుంటుంది. నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒకే రంగు సమాచారం అన్నమాట. ఫొటోల్లో కన్ను పట్టుకోదు. రెండు మూడు పిక్సెళ్ల ఎర్ర గీతలో మాత్రం వెంటనే తెలిసిపోతుంది. మరి తెల్ల ముగ్గులు ఎందుకు చెడలేదంటే, వాటిలో రంగు అంతటా ఒకటే తెలుపు. ఆకారమంతా ఆల్ఫాలో ఉంది. లాసీలో కూడా ఆల్ఫాని మనం ప్రత్యేకంగా తగ్గించమంటే తప్ప సీవెబ్‌పీ పోగొట్టదు. ఇది తెలిశాక రంగుల ముగ్గులన్నీ లాస్‌లెస్‌లో మళ్లీ చేశాను. కుంకుమ చుక్క తిరిగి చుక్కలా వచ్చింది.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది. జాబితా పేజీ కోసం చిన్న బొమ్మలు కావాల్సి వచ్చి, పాత పీఎన్‌జీలను జేపెగ్‌గా మార్చడానికి పైథాన్‌లో నాలుగు లైన్ల స్క్రిప్టు రాశాను. తెరిచి చూస్తే పదకొండో ముగ్గు పక్కన నీలం ఇంకుతో అమ్మ రాత. "సోమ అర, మంగళ అర, బుధ లేదు, గురు ముప్పావు." పాల లెక్క. నోటుపుస్తకం గీతలు, కాగితం మీద పసుపు మరక, అన్నీ ఉన్నాయి. ఇవన్నీ నేను ఎప్పుడో తీసేశాననుకున్నవే.

తీసేయలేదు, దాచానంతే. అప్పట్లో కాగితాన్ని మాస్క్ చేసి, అంటే కనపడకుండా కప్పి, ఎగుమతి చేశాను. మాస్క్ చేసిన చోట ఆల్ఫా సున్నా అవుతుంది. సున్నా అంటే చూపించొద్దని మాత్రమే. మిగతా మూడు అంకెలూ, అంటే ఆ కాగితం రంగు, ఆ ఇంకు, ఫైల్లో అలాగే కూర్చుని ఉన్నాయి. నా స్క్రిప్టు ఆల్ఫాని పక్కన పడేసింది, కింద ఉన్నది పైకి వచ్చింది. అది పాల లెక్క కాబట్టి సరిపోయింది. ఆధార్ కార్డు మీద నంబరు ఇలాగే చెరిపి పంపేవాళ్లని నేను చూశాను. దయచేసి అలా చేయకండి.

నా ఫైళ్లు అంత బరువెందుకో కూడా అప్పుడే అర్థమైంది. స్కాన్ చేసిన కాగితం మనకి తెల్లగా కనిపిస్తుంది కానీ పిక్సెల్ పిక్సెల్‌కీ రంగు కొంచెం కొంచెం మారుతూనే ఉంటుంది. పీఎన్‌జీ ఆ గరుకునంతా పొల్లుపోకుండా మోస్తోంది, ఎవరికీ కనపడకుండా. జింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్‌లో ఎగుమతి చేసేటప్పుడు ట్రాన్స్‌పరెంట్ పిక్సెళ్ల రంగుల్ని కూడా ఫైల్లో ఉంచాలా అని అడిగే టిక్కు ఒకటుంటుంది. దాన్ని తీసేసి పదకొండో ముగ్గుని మళ్లీ పీఎన్‌జీగానే సేవ్ చేస్తే 2.1 ఎంబీ కాస్తా 310 కేబీకి దిగింది. దాన్ని లాస్‌లెస్ వెబ్‌పీ చేస్తే 190 కేబీ. కాబట్టి ఘనతంతా కొత్త ఫార్మాట్‌కి ఇవ్వలేను. సీవెబ్‌పీ మామూలుగా ఈ కింది రంగుల్ని తనే తుడిచేస్తుంది, ఉంచమని ప్రత్యేకంగా చెబితేనే ఉంచుతుంది. మొదటి శనివారం సైజు అంతలా తగ్గడంలో ఎక్కువ భాగం ఆ తుడుపుదే.

అవిఫ్ అనే ఇంకా కొత్త ఫార్మాట్ కూడా చూశాను. ముగ్గు చుట్టూ దీపాలు పెట్టి తీసిన ఫొటోల్లో అది వెబ్‌పీ కంటే బాగా కుదించింది. నా గీతల ముగ్గుల్ని లాస్‌లెస్‌లో పెడితే మాత్రం వెబ్‌పీయే చిన్నగా వచ్చింది. అందుకని అక్కడితో వదిలేశాను.

అన్నీ అయ్యాక అమ్మకి టాబ్‌లో చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని, 15 నుంచి 8 దాకా సందు చుక్క ముగ్గు తెరిచి, వేలితో వరుసలు లెక్కపెట్టింది. "169 ఉండాలమ్మాయ్" అంది. ఉన్నాయి. పాల లెక్క గురించి చెబితే ఆ కాగితం చూపించమని అడిగి, "గురువారం ముప్పావు ఎందుకు పోయించుకున్నానబ్బా" అని చాలాసేపు ఆలోచించింది. అసలు స్కాన్లు వేరే డిస్కులో అలాగే ఉంచాను, ఇంకు మరకలతో సహా. మార్చినవన్నీ నకళ్లే. ముగ్గు కింద డౌన్‌లోడ్ బటన్‌కి కూడా శుభ్రం చేసిన పీఎన్‌జీనే ఇచ్చాను, ఎందుకంటే ప్రింటు తీసే షాపుల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ వెబ్‌పీ తెరుచుకోవడం లేదు.

ఒక్కటే మిగిలింది. కనుమ రోజు వేసే రథం ముగ్గు. మా వీధిలో ఆ రథం తాడుని పక్కింటి ముగ్గు దాకా లాగేవాళ్లు. నోటుపుస్తకంలో కాగితం అయిపోయి అమ్మ తాడుని అంచు దగ్గర ఆపేసింది. నా పేజీలో అది స్క్రీను చివరిదాకా వెళ్లాలి, వెళ్తూ వెళ్తూ మట్టిలో కలిసిపోవాలి. ఈ ఆదివారం దాంతో కూర్చుంటాను.