నా పేరు ఫ్నూ కాదు: లాంగ్ వీకెండ్‌లో కారు అద్దెకి తీసుకున్న కథ

లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు) వీకెండ్‌కి నలుగురం వేగాస్ మీదుగా అరిజోనాలోని ఆంటెలోప్ కాన్యన్, గ్రాండ్ కాన్యన్ చూసొచ్చాం. నిన్న అర్ధరాత్రి దాటాక డల్లాస్‌లో ఇల్లు చేరాం. సూట్‌కేసు ఇంకా విప్పలేదు. ఫోటోలు చూసినవాళ్ళంతా బాగా ఎంజాయ్ చేశారే అంటున్నారు. చేశాం. కానీ వేగాస్‌లో కారు కోసం నేను పడ్డ అవమానం ఏ ఫోటోలోనూ లేదు. కోపం చల్లారితే సగం మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నా.

వెళ్ళింది నేను, నా రూమ్మేట్, ఇంజనీరింగ్‌లో నా సీనియర్ అయిన అన్న, వదిన. రూమ్మేట్‌ది రాజమండ్రి, బావా అనకుండా నోరు తెరవడు. ఫ్లైట్ టికెట్లు జూన్‌లోనే కొన్నాం. రూములు వదిన చూసింది. ఆంటెలోప్ కాన్యన్ నవాహో తెగవాళ్ళ భూమి, గైడ్ లేకుండా లోపలికి వదలరు కాబట్టి ఆ టూర్ టికెట్లూ ముందే తీసుకున్నాం. కారు పని నా మీద వేసుకున్నా. ఒక వెబ్‌సైట్‌లో ముందే డబ్బు కట్టేస్తే మూడు రోజులకి 190 డాలర్లకే దొరికింది. భలే చీప్‌గా కొట్టానని వారం రోజులు అందరి దగ్గరా డప్పు కొట్టుకున్నా.

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి దిగాం. వేగాస్‌లో అద్దె కార్ల కంపెనీలన్నీ ఎయిర్‌పోర్టుకి దూరంగా ఒకే బిల్డింగులో ఉంటాయి, బస్సెక్కి వెళ్ళాలి. మా కంపెనీ ముందు క్యూ తిరుపతి లైనులా వంకర్లు తిరిగి ఉంది. గంటంబావు నిలబడితే మా వంతొచ్చింది.

కౌంటర్ కుర్రాడు నా లైసెన్స్ తీసుకుని స్క్రీన్ వంక చూశాడు, లైసెన్స్ వంక చూశాడు, మళ్ళీ స్క్రీన్ వంక చూశాడు. తరవాత నవ్వుతూ "వెల్‌కమ్, మిస్టర్... ఫ్నూ?" అన్నాడు.

ఇక్కడ నా జాతకం కొంచెం చెప్పాలి. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు కాలమ్ ఖాళీ. నా పేరులోని రెండు ముక్కలూ గివెన్ నేమ్‌లోనే ఉన్నాయి. ఖమ్మంలో ఫారం నింపిన ఏజెంటు "ఏం కాదు బాబూ, ఇంటిపేరు రాస్తే టెన్త్ మెమోతో కలవదు, లేనిపోని గొడవ" అని వదిలేశాడు. ఆ మాటకి మూడొందలు తీసుకున్నాడు కూడా. ఇంటిపేరు లేకపోతే అమెరికా వీసాలో మన పేరు మొత్తం తీసుకెళ్ళి ఇంటిపేరు గడిలో పెడతారు. అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. మా నాన్న పది మందికి భోజనాలు పెట్టి, పంతులు గారితో బియ్యంలో రాయించిన పేరు ఇక్కడ అన్‌నోన్ అయిపోయింది. వీసా చూసి లైసెన్స్ మీదా అదే వేశారు. బ్యాంకులో అమ్మాయి మాత్రం జాలిపడి, మొదటి ముక్క ఫస్ట్ నేమ్‌గా, రెండో ముక్క లాస్ట్ నేమ్‌గా కొట్టింది. క్రెడిట్ కార్డు మీద అలా పడింది. ఇన్నాళ్ళూ ఆ అమ్మాయి నాకు మేలు చేసిందనే అనుకున్నా.

"కార్డు మీద పేరు, లైసెన్స్ మీద పేరు ఒకటే ఉండాలి సార్" అన్నాడు కుర్రాడు. ఒకటే అన్నాను. ఎలా అన్నాడు. చెప్పడం మొదలుపెట్టా. ఇండియాలో పేర్లు, పాస్‌పోర్టు, వీసా... నాకే నా మాటలు దొంగ మాటల్లా వినిపించాయి. వాడు మేనేజరుని పిలిచాడు.

పెద్దావిడ, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది. నా లైసెన్స్, కార్డు, పాస్‌పోర్టులో ఫోటో పేజీ, మళ్ళీ వీసా పేజీ, అన్నీ పేకముక్కల్లా కౌంటర్ మీద పరిచింది. ఒక్కోదాని మీద వేలు పెట్టి పేరు పైకి చదివింది. మూడు రకాలుగా వచ్చింది. కళ్ళజోడు తీసి నా మొహంలోకి చూసి "మరి ఈ ముగ్గురిలో మీరెవరు?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అదే ఎక్కువ బాధ.

వెనకాల ఉన్నవాళ్ళు నిట్టూరుస్తున్నారు. చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకాయన వాచీ చూసుకోవడం నాకు కనపడేలా చూసుకుంటున్నాడు. అవన్నీ ఓర్చుకున్నా. కానీ ఆయన వెనకాల ఒకావిడ, భర్త చెవిలో అనుకుని మొత్తం లైనుకి వినపడేలా, అచ్చ తెలుగులో "ఎఫ్ఎన్‌యూ అంటండీ, పాపం" అంది. మనవాళ్ళే! ఇంగ్లీషులో బండబూతులు తిట్టినా అంత తగిలేది కాదు. చెవులు కాలిపోయాయి.

సరే, ఇంకొకరి పేరు మీద తీసుకుందాం అన్నా. రూమ్మేట్‌కి ఇరవై మూడేళ్ళు. పాతికలోపు వాళ్ళకి రోజుకింత అని అదనంగా వేస్తారు. దానికీ సిద్ధపడ్డాం కానీ వాడి దగ్గరున్నది డెబిట్ కార్డు, అది కుదరదన్నారు. అన్న లైసెన్స్ గడువు జులైలోనే అయిపోయింది. హెచ్‌వన్ (ఉద్యోగ వీసా) ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, కొత్త లైసెన్స్ ఇంకా చేతికి రాలేదు. ముగ్గురు మగాళ్ళం, ముగ్గురికీ కార్ల గురించి గంటలు గంటలు మాట్లాడటం వచ్చు.

వదిన అప్పటిదాకా పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. రోడ్ టెస్టులో పార్కింగ్ దగ్గర ఒకసారి ఫెయిలైందని ఆవిణ్ణి ఏడాదిగా ఏడిపించని రోజు లేదు. ఎయిర్‌పోర్టులో కూడా "వదిన వెనక సీట్లో, దేవుడి పాటలు పెట్టే డ్యూటీ" అని పంచేశాం. దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి "వదినా, మీ లైసెన్స్ తెచ్చారా?" అన్నా.

"ఇప్పుడు గుర్తొచ్చానా మరిదిగారికి?" అని లేచి, డబ్బా నా చేతిలో పెట్టి కౌంటర్ దగ్గరికెళ్ళింది. లైసెన్స్, క్రెడిట్ కార్డు, రెండిట్లోనూ ఒకటే పేరు, ఒకటే స్పెల్లింగ్. రెండు నిమిషాల్లో తాళాలిచ్చారు. నన్ను రెండో డ్రైవరుగా రాయించమని అడిగితే, దానికి మళ్ళీ రోజుకింత కట్టాలని తెలుసుకుని "అక్కర్లేదు, నేనే నడుపుతా" అంది.

నా 190 డాలర్ల బుకింగ్ చెల్లదు. అప్పటికప్పుడు కొత్తగా తీసుకున్నందుకు 415 పడింది. ఆ 190 కోసం వెబ్‌సైట్ వాళ్ళకి ఫోన్ చేస్తే కౌంటర్ వాళ్ళని అడగమంటారు, కౌంటర్ వాళ్ళు వెబ్‌సైట్ వాళ్ళని అడగమంటారు. నేను మాత్రం వదలను. కాబట్టి నా మాట విని, ముప్పై డాలర్లు తగ్గుతుందని ముందే డబ్బు కట్టకండి, అక్కడికెళ్ళి కట్టేది బుక్ చేసుకోండి. లైసెన్స్, క్రెడిట్ కార్డు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. పెళ్ళాం లైసెన్స్‌ని ఎగతాళి చేయకండి. ఖమ్మంలో ఆ ఏజెంటు ఇంకా షాపు నడుపుతున్నాడట, అటు వెళ్ళకండి.

అసలు మన ఊళ్ళల్లో ఇంటిపేరుతో ఎవరిని పిలుస్తారు? పేరు ముందు ఒక అక్షరం, చుక్క, అంతే. ఆ చుక్క వెనక ఏముందో పెళ్ళి సంబంధాలప్పుడు తప్ప ఎవరూ అడగరు. బయటి దేశాలకి అది అర్థం కాదు. 2022 నవంబరులో యూఏఈ కూడా పాస్‌పోర్టులో ఒంటిపేరు ఉన్నవాళ్ళని టూరిస్టు వీసా మీద రానిచ్చేది లేదని చెప్పేసింది. అప్పుడే మేలుకోవాల్సింది. దుబాయ్ మనకెందుకులే అనుకున్నా.

మిగతాదంతా హాయిగా జరిగింది. వేగాస్ నుంచి బయల్దేరేసరికి పన్నెండుంబావు. వదిన రెండు గంటలు ఆగకుండా నడిపి సెయింట్ జార్జ్ చేర్చింది. అది యూటా కదా, గడియారం ఒక గంట ముందు. ఉన్న కాస్త నిద్రలో గంట అలా పోయింది. పొద్దున తొమ్మిదికి బయల్దేరి పేజ్ ఊరు దగ్గరికొచ్చేసరికి ఫోనులో పదకొండుమ్ముప్పావు. పదకొండున్నరకి టూరు. "అయిపోయింది బావా, టికెట్ డబ్బులు గంగలో" అని రూమ్మేట్ తల పట్టుకున్నాడు. తీరా ఊళ్ళోకి రాగానే ఫోను పదీ నలభై అయిదు చూపించింది. చాలా రాష్ట్రాల్లో ఎండాకాలం గడియారం గంట ముందుకి జరుపుతారు, అరిజోనాలో జరపరు, పక్కనే నవాహో భూముల్లో జరుపుతారు. టూర్ల వాళ్ళు మాత్రం అరిజోనా టైమే పాటిస్తారు. యూటాలో పోయిన గంట పేజ్‌లో దొరికింది.

లోయర్ ఆంటెలోప్‌లోకి ఇనుప నిచ్చెనల మీద దిగాలి. బ్యాగులు తేనివ్వరు. గోడలు చీర కుచ్చిళ్ళలా మడతలు మడతలుగా ఉంటాయి, పైనుంచి ఎండ పడ్డచోట పసుపు, నీడలో కుంకుమ. 1997 ఆగస్టులో ఎక్కడో కురిసిన వానకి ఇక్కడ వరదొచ్చి పదకొండు మంది కొట్టుకుపోయారని గైడ్ చెప్పింది. ఆ తరవాత అందరం ఆకాశం చూస్తూ నడిచాం.

ఆదివారం పొద్దున్నే హార్స్‌షూ బెండ్, సాయంత్రం గ్రాండ్ కాన్యన్. దాని గురించి ఏం రాసినా తక్కువే, నేను రాయను. డిజర్ట్ వ్యూ దగ్గర రాతి బురుజు నీడలో పులిహోర తిన్నాం, అంతే. తిరుగుదారిలో హూవర్ డ్యామ్ చూసి వీళ్ళంతా నోరు తెరిచారు. 221 మీటర్లు, ఎత్తే, కాదనను. కానీ అది కాంక్రీటు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండిన బియ్యం తిని పెరిగినవాణ్ణి, మా డ్యామ్ రాయి మీద రాయి పేర్చి కట్టింది అని గట్టిగానే చెప్పా. ఎవరూ వినలేదు.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఒకతను మీటరు చూసి థాంక్యూ అన్నాడు, పేరు కూడా అడగలేదు. పది సెకన్లు.

ఇవాళ పొద్దున ఇంటిపేరు చేర్పించడానికి పాస్‌పోర్టు రీఇష్యూ ఫారం తెరిచా. వీసాలో ఫ్నూ, మళ్ళీ కొత్త వీసా స్టాంపింగ్ అయ్యేదాకా ఉంటుంది, కనీసం ఇక్కడన్నా మొదలుపెడదామని. స్పెల్లింగ్ కోసం నాన్నకి ఫోన్ చేశా. నాన్న ఆధార్‌లో ఒకలా ఉంది. పొలం పాస్‌బుక్కులో ఇంకోలా ఉంది. బాబాయి అయితే మధ్యలో హెచ్ ఉండాలంటున్నాడు. సాయంత్రం ఇద్దరూ కూర్చుని తేల్చి చెప్తామన్నారు. ఫారం ల్యాప్‌టాప్‌లో అలాగే తెరిచి ఉంది.