ఫసలీ 1331 రసీదు

మా ముత్తాత 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడులో బ్రిటిష్ సర్కారుకు శిస్తు కట్టకుండా చేసిన పన్నుల నిరాకరణలో ఉన్నారని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆధారం కోసం వెతికితే సమరయోధుల జాబితాల్లో ఆయన పేరు కనపడలేదు. కనపడదు కూడా. 1972లో కేంద్రం సమరయోధులకు పెన్షన్ పెట్టినప్పుడు మామూలుగా అడిగిన అర్హత ఆరు నెలల జైలు. శిస్తు కట్టనన్న రైతుల్లో ఎక్కువమంది ఇళ్లకు వచ్చింది జప్తు: గొడ్లు పోయాయి, సామాన్లు పోయాయి. ఆ త్యాగం జైలు రిజిస్టర్లలో దొరకదు. అందుకే శిస్తు కాగితాల మీద పడ్డాను.

గుంటూరు బ్రాడీపేటలో మా పెదనాన్న ఇంట్లో ట్రంకుపెట్టె నిండా పాత రసీదులున్నాయి. సంవత్సరాలన్నీ ఫసలీలోనే, అంటే శిస్తు లెక్కలకు వాడే జూలై-జూన్ ఏడాదిలో. ఫసలీకి 590 కలిపితే అది ఏ ఏడు జూలైలో మొదలైందో తెలుస్తుంది. నాకు కావాల్సింది 1331, అంటే 1921 జూలై నుంచి 1922 జూన్ దాకా. గొలుసుకట్టు రాత, తెలుగు అంకెలు, అణా పైసల లెక్కలు. పెదనాన్న పక్కన కూర్చుని "అది మూడు కాదురా, రెండు" అని చెబుతుంటే ఒక్కొక్కటే చదివాను.

1330లో మొదటి కిస్తీ జనవరిలోనే కట్టారు. 1331లో మాత్రం మార్చి దాకా ఏమీ లేదు, తర్వాత మొత్తం ఒకేసారి. సంతకం కూడా శిస్తు వసూలు చేసే పాత మునసబుది కాదు! ఆ సంతకం చూశాకే నాకు నమ్మకం కుదిరింది. పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో ఆ ఫిర్కా (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం) గ్రామోద్యోగులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. శాంతిసేన వాలంటీర్లు ఊళ్లు కాశారు. ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీగారు శాసనోల్లంఘన ఆపేయడంతో ఇక్కడ కూడా ఆపాల్సి వచ్చింది. మార్చిలో కట్టడానికి కారణం అదే అనుకుంటున్నాను.

ఒక్క ఇంటి రసీదుతో తేల్చేయకూడదు, ఆ ఏడు చేతిలో డబ్బు లేక కూడా ఆలస్యమై ఉండొచ్చు. అందుకని ఊళ్లో తెలిసినవాళ్ల ఇళ్లల్లోనూ అడిగాను. దొరికినవన్నీ మార్చివే, సంతకం ఆ కొత్త మనిషిదే. ఇక వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో ఆనాటి పత్రికలు తిరగేయాలి, ఆ తర్వాత మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్స్‌.

మీది ఆ చుట్టుపక్కల ఊరైతే ఇంట్లో 1331 రసీదు ఉందేమో చూడండి. ఉంటే ముందు ఫోటో తీసుకోండి. లామినేషన్ మాత్రం చేయించకండి, పాత కాగితం పాడైపోతుంది.