అమ్మ కాటా, మాస్టారి సున్నా

మన కాలేజీ పాత విద్యార్థుల సావనీరు కమిటీ తరఫున డేనియల్, అదే మన 'సెల్', ఫోన్ చేశాడు. రెండు పేజీలు, ఒక పాస్‌పోర్టు ఫోటో, ఆదివారంలోగా. ఏం రాయమంటావురా అంటే, "గ్రూపులో ఫోటో పెట్టావుగా, మీ అమ్మగారి కాటా, దాని గురించి రాయి. కాలేజీ కబుర్లు మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు" అన్నాడు. కాలేజీ ఊసెత్తకుండా ఆ కాటా గురించి రాయడం నా వల్ల కాదు. కాబట్టి సెల్, నువ్వు మూసుకుని అచ్చు వెయ్యి.

1992-94 ఎంపీసీ. మొదటి సంవత్సరం నాకు దాదాపు ఏమీ గుర్తులేదు. సైకిల్ స్టాండు గొడవ, ఇంగ్లీషు మేడమ్ గొడుగు, అంతే. రెండో సంవత్సరం మాత్రం మొత్తం ఫిజిక్స్ ల్యాబులోనే గడిచినట్టు అనిపిస్తుంది. నిజానికి ల్యాబు వారానికి ఒక్క పూటే.

మన ఫిజిక్స్ మాస్టారు, అదే 'నల్ పాయింట్' మాస్టారి గురించి కొత్తగా చెప్పేదేముంది. నవాసారం వాసన, గరుకు కాగితంతో తీగల కొసలు రుద్దడం, రెసిస్టెన్సు కొలిచే మీటర్ బ్రిడ్జి తీగ మీద, దాన్ని తాకించే జాకీని అటూ ఇటూ లాగితే వేళ్ళ మీద పడే చెక్క స్కేలు. "రుద్దకురా, తాకించు. తాకించి తియ్యి. తీగ అరిగితే నీ బాబు కొనిస్తాడా?" కరెంటు పారితే కదిలే గాల్వనోమీటరు ముల్లు ఎడమకు, కుడికి ఊగి ఒకచోట కదలకుండా నిలబడేది, అదే నల్ పాయింట్. అప్పుడు ఆయన మన భుజం మీదుగా వంగి, "దొరికిందా? ఇప్పుడు ఎడమ గ్యాపులోది కుడికి, కుడిది ఎడమకి మార్చు. మళ్ళీ చూడు. ఒక వైపే చూసి నమ్మేవాడు పంచాయతీ పెద్దకి పనికిరాడు" అనేవారు. ఆ బ్రిడ్జికి మూలమైన సర్క్యూట్‌ని 1833లో కనిపెట్టినవాడు క్రిస్టీ అనీ, పదేళ్ళ తర్వాత వీట్‌స్టన్ దాన్ని అందరికీ తెలిసేలా చేస్తే పేరు ఆయనకి అంటుకుపోయిందనీ చెప్పి, ప్రతిసారీ మూడో బెంచీ వైపే చూసేవారు. రికార్డులు ఎవరు రాసేవారో, మార్కులు ఎవరికి పడేవో ఆయనకి తెలియదనుకున్నాం.

స్టేషను సంగతి మాత్రం వివరంగా రాయాల్సిందే, ఎందుకంటే పోయిన కలయికలో మన క్లాసు 'లెక్లాంచి' దాన్ని పూర్తిగా తప్పు చెప్పాడు. గొడవ మొదలైంది మనం 'పకోడీ' అని పిలిచేవాడి బరువు దగ్గర. తెనాలి స్టేషన్లో రంగు లైట్లు తిరిగే బరువు మెషీన్లు ఉండేవి కదా, రూపాయి వేస్తే అట్టముక్క పడేది, ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. ఒకటో ప్లాట్‌ఫారం మెషీను వాణ్ణి 61 అంది, రెండో ప్లాట్‌ఫారంది 58 అంది. ఏది నిజం అని ల్యాబులో అరుచుకుంటుంటే మాస్టారు విన్నారు. ఆదివారం పొద్దున్నే అందర్నీ స్టేషన్‌కి రమ్మన్నారు. సొంత డబ్బుతో అందరికీ ప్లాట్‌ఫారం టికెట్లు కొన్నారు. చంకలో గుడ్డసంచి, అందులో ఎదురు కొట్టు కోమటిగారిని బతిమాలి తెచ్చిన అయిదు కిలోల రాయి.

పకోడీని ఉత్త చేతులతో ఎక్కించారు. 61. రాయి చేతికిచ్చి ఎక్కించారు. 66. వంతెన ఎక్కి దిగి రెండో ప్లాట్‌ఫారానికి వెళ్ళాం. 58. రాయితో 63. "ఇప్పుడు చెప్పండి, ఏ మెషీను అబద్ధమాడింది?" ఎవరూ మాట్లాడలేదు. "ఎక్కడ మొదలుపెట్టాలో రెండింటికీ తెలీదు. ఎంత పెరిగిందో మాత్రం రెండింటికీ తెలుసు. సున్నా తప్పయినా తేడా నిజమేరా" అన్నారు. ఈలోగా గుంటూరు ప్యాసింజరు వచ్చింది, మాస్టారి గోల చూడ్డానికి కిటికీల నిండా జనం. పకోడీ జాతకంలో 'విదేశాలలో కీర్తి' అని పడింది. వాడు ఈ రోజుకీ ప్రకాశం బ్యారేజీ అవతల కాపురం పెట్టలేదు. 'స్వస్థలంలోనే సుఖం' అని పడ్డ లెక్లాంచి న్యూజెర్సీలో ఉన్నాడు. ఆ మెషీన్లకి జాతకంలో కూడా సున్నా తప్పే.

తర్వాత ఇన్నేళ్ళూ ఒక్క పేరాలో సరిపోతాయి. ఎంసెట్ ర్యాంకు అడగొద్దు. డిప్లొమా చేశాను, ఒక తూకం యంత్రాల కంపెనీలో మెకానిక్‌గా చేరాను, ఇప్పుడు నాకే ఒక చిన్న షాపుంది. మిల్లుల్లో లారీ కాటాలు బిగించడం, బాగుచేయడం, ఏటా తూనికలు కొలతల శాఖ వారి ముద్ర వేయించడం. గుంటూరు మిర్చి యార్డు నుంచి రేపల్లె దాకా నా కుర్రాళ్ళు తిరుగుతుంటారు. అరవై టన్నుల కాటా కింద బరువు మోసే ఉక్కు ముక్క, అదే లోడ్ సెల్లు, అందులో ఉన్నది మన మాస్టారి బ్రిడ్జే. బరువు పడితే ఉక్కు వెంట్రుకవాసి సాగుతుంది, దానికి అంటించిన సన్నని తీగ కూడా సాగుతుంది, రెసిస్టెన్సు మారుతుంది, బ్రిడ్జి బ్యాలెన్సు తప్పుతుంది. ముల్లు ఊగే బదులు అంకె వెలుగుతుంది. కాలేజీలో నేర్చుకున్నది ఒక్కటీ పనికిరాలేదనే మిత్రులు గ్రూపులో చాలామందే ఉన్నారు. నాకు మాత్రం అందులోనే అన్నం దొరికింది.

ఇక అమ్మ కాటా. అమ్మకి గుండె కొంచెం బలహీనం, ఒంట్లో నీరు చేరుతుంది. డాక్టరుగారు రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసి రాయమన్నారు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆలస్యం చేయకుండా ఫోన్ చేయాలి. అమ్మ క్యాలెండరు మీద రాసేది. కళ్ళజోడు లేకపోతే నిన్నటి అంకే మళ్ళీ రాసేది. డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి టెన్షన్, నాకు మిల్లుల తిరుగుడు. బజార్లో దొరికే స్మార్ట్ స్కేళ్ళు ఉన్నాయి గానీ, చాలావాటికి ఫోను పక్కనే ఉండాలి, పైగా అమ్మ బరువు ఏ కంపెనీ సర్వరుకో వెళ్ళాలి. ఎందుకొచ్చింది అని నేనే చేశాను.

పాడైపోయిన ఒక గాజు స్కేలు విప్పితే నాలుగు మూలలా నాలుగు చిన్న లోడ్ సెల్లులు, ఒక్కోటి 50 కిలోలది, ఒక్కోదానికి మూడు తీగలు. ఇవి సగం బ్రిడ్జిలు. రంగులు కంపెనీకో రకం కాబట్టి నమ్మకూడదు. మీటరు పెట్టి చూస్తే ఏ రెండు తీగల మధ్య దాదాపు 2000 ఓమ్‌లు వస్తుందో అవి కొసలు, మిగిలింది నడిమిది. కొసల్ని ఒకే రంగుకి ఒకే రంగు కలుపుతూ నాలుగింటినీ చుట్టూ గొలుసులా తిప్పితే పూర్తి వీట్‌స్టన్ బ్రిడ్జి తయారు. ఎదురెదురు మూలల నడిమి తీగలు రెండు కరెంటుకి, మిగతా రెండు సిగ్నలుకి. ఆ సిగ్నలు కొద్ది మిల్లీవోల్టులే, కాబట్టి హెచ్‌ఎక్స్711 అనే చిన్న బోర్డు దాన్ని 128 రెట్లు పెంచి, 24 బిట్ల అంకెగా మార్చి ఇస్తుంది. వంద రూపాయల లోపు దొరికే సరుకు. మన ల్యాబు గాల్వనోమీటరు బీరువా మొత్తం దాని ముందు దిగదుడుపే, మాస్టారు క్షమించాలి.

అక్కణ్ణుంచి వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 అనే చిన్న చిప్పు, దాని మీద ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్. ఇంట్లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద, ఇంటి పరికరాల్ని చూసుకునే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, మావాడు ట్యాంకు మోటారు కోసం ఎప్పుడో పెట్టాడు. కాటాకి రెండు బిందువులు చెప్పాలి: ఖాళీగా ఉన్నప్పుడు ఎంత అంకె, తెలిసిన బరువు పెడితే ఎంత. చాలామంది ఇక్కడ చేతికందిన డంబెల్ పెట్టి కానిచ్చేస్తారు. నా షాపులో ముద్ర వేసిన ఇరవై కిలోల రాళ్ళున్నాయి. మూడు పేర్చి 60 కిలోల దగ్గర సరిచూశాను. తెనాలిలో ఇంత న్యాయమైన బాత్‌రూమ్ స్కేలు ఇంకో ఇంట్లో ఉంటుందనుకోను.

బాత్‌రూమ్ స్కేలు అనడమే గానీ మన బాత్‌రూముల్లో అది కుదరదు. నీళ్ళు పోవడానికి నేల వాలుగా ఉంటుంది, ఒక కాలు గాల్లో ఉంటే కాటా ఏం చెప్తుంది? అమ్మ గదిలో బీరువా పక్కన పెట్టాను. సున్నా కూడా ఒకచోట ఉండదు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం వేడికి ఒకటి. అందుకని ఎవరూ లేనప్పుడు దానంతట అదే సున్నా సర్దుకుంటుంది. 20 కిలోలు దాటితే ఎవరో ఎక్కారని లెక్క. అంకెలు నిలకడ అయ్యాక మధ్యస్థంగా ఉన్నది పట్టుకుంటుంది. 45కీ 60కీ మధ్య ఉంటే అమ్మ, ఆ పైన మేము. మా ఆవిడ బియ్యం బస్తా తూచడం మొదలెట్టాక 26 కిలోలకి కూడా ఒక పేరు పెట్టాల్సి వచ్చింది. పాతిక కిలోల దాకా ప్యాకెట్టుకి జీఎస్టీ అన్నాక బస్తాలన్నీ 26 అయ్యాయి కదా.

మొదట్లో హాల్లో స్పీకరు తెలుగులో బరువు చదివేది. "యాభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు." అమ్మ ఒప్పుకోలేదు. "పొద్దున్నే నా బరువు వీధంతా చాటింపు వేస్తావా, దిష్టి తగలదూ?" ఇప్పుడు "చాలమ్మా, ఇక దిగు" అని మాత్రమే అంటుంది. "దిగుతున్నాలే" అని అమ్మ దానికి బదులు చెప్తుంది. అంకె హోమ్ అసిస్టెంట్‌లోకి వెళ్తుంది. మూడు రోజుల కిందటితో పోల్చి రెండు కిలోలు దాటితే గదిలో బల్బు పసుపు అవుతుంది, నాకూ తమ్ముడికీ మెసేజ్ వస్తుంది. పొద్దున తొమ్మిదింటికల్లా ఎక్కకపోతే అదీ చెప్తుంది. నిజానికి నాకు ఆ రెండోదే ఎక్కువ అవసరం.

పోయిన సంక్రాంతికి కనుమ మర్నాడు బల్బు పసుపు అయింది. నేను రేపల్లె దారిలో ఉన్నాను. నాకన్నా ముందు తమ్ముడు డల్లాస్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఊరగాయ ఎంత తిన్నావు?" అని అడిగాడట. అప్పడాలు కూడా బయటపడ్డాయి. డాక్టరుగారు మాత్ర మోతాదు మార్చారు, వారంలో బల్బు మళ్ళీ ఆకుపచ్చ. ఆ బరువు అసలు 52.4నా 52.9నా అని ఎవరూ అడగలేదు.

ఇదంతా మాస్టారికి ఫోన్‌లో చెప్పాను. వినికిడి తగ్గింది, నేనే అరవాల్సి వచ్చింది. అంతా విని, "ఎడమ కుడి మార్చి చూశావా?" అన్నారు. మిల్లు కాటాలకి మేము ఎప్పుడూ చేసే పరీక్షే, ఇంట్లోదానికి అంత అవసరం లేదనుకున్నాను. ఆయన అడిగాక రాయిని నాలుగు మూలల మీదా పెట్టి చూస్తే, ఒక మూలకీ ఇంకో మూలకీ నూట యాభై గ్రాముల తేడా. గాజు మీద ఎర్ర టేపుతో రెండు పాదాల గుర్తులు వేశాను. అమ్మ వాటిమీదే నిలబడుతుంది.

అప్పట్నుంచి ఆదివారం ఆదివారం అమ్మ గ్రాఫు మాస్టారికి వాట్సాప్‌లో పంపాలి, అది ఆయన ఆర్డరు. పోయినవారం జవాబు వచ్చింది: "కుడి పైమూల స్కేలు రాయలేదు. అర మార్కు తీసేశాను."