సుబాబుల్ మేసినా ఏమీ కాని మేకలు

వెటర్నరీ చదివే మా చెల్లి ఇవాళ ఆవు రూమెన్ (పొట్టలో మేత పులిసే పెద్ద గది) ద్రవాన్ని మైక్రోస్కోప్ కింద చూపించింది. వాసన సంగతి అడక్కండి. కానీ ఆ ఒక్క చుక్కలో ప్రోటోజోవాలు బిలబిలలాడుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. గడ్డిలోని సెల్యులోజ్‌ని అరిగించే ఎంజైములు ఆవుకి సొంతంగా లేవు. ఆ పనంతా సూక్ష్మజీవులదే.

అంతకన్నా తను చెప్పిన సుబాబుల్ సంగతి నన్ను పట్టుకుంది. మా ప్రకాశం జిల్లాలో పేపర్ మిల్లుల కోసం వేసే చెట్టే. ఆకులో ప్రోటీన్ బాగా ఉంటుంది, మైమోసిన్ అనే విషమూ ఉంటుంది. అది రూమెన్‌లో డీహెచ్‌పీ అనే ఇంకో విషపదార్థంగా మారి థైరాయిడ్‌ని దెబ్బతీస్తుంది. అదే పనిగా మేపితే వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర గ్రంథి వాస్తుంది. ఆస్ట్రేలియా పశువులకి ఇదే బాధ. హవాయిలో మేకలు మాత్రం అదే ఆకు మేసి నిక్షేపంగా ఉన్నాయి! తేడా పొట్టలోని బ్యాక్టీరియాలో ఉందేమోనని రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తకి అనుమానమొచ్చింది. 1980లలో హవాయి మేకల సూక్ష్మజీవుల్ని తెచ్చి ఆస్ట్రేలియా పశువుల రూమెన్‌లోకి ఎక్కిస్తే విషం విరిగిపోయింది. 1992లో ఆ బ్యాక్టీరియాకి ఆయన పేరు మీదే సినర్జిస్టిస్ జోన్సియై అని పెట్టారు. మందలో కొన్నిటికి ఎక్కిస్తే చాలు, మిగతావాటికి అదే పాకుతుందట.

ఇప్పుడు దాణా సంచుల మీద ప్రోబయోటిక్ అని కనిపిస్తే చాలు, కొనేస్తున్నాం. అందులో ఏ బ్యాక్టీరియా ఉంది, ఏం చేస్తుంది అని అడిగితే కొట్టువాడు మన మొహం చూస్తాడు. జోన్స్ పనిలో ఉన్నంత స్పష్టత వాటన్నిటిలో ఉందంటే నేను నమ్మను.

నాన్నయితే మన మేకల పొట్టలో ఆ బ్యాక్టీరియా ఉందో లేదో చూసి చెప్పమని చెల్లికి అప్పుడే పని పురమాయించాడు.