కార్తీక పున్నమికి చియాంగ్ మాయి

అనంతపురంలో మా కార్డుల జట్టు ఐదుగురం. పుట్టినరోజులకీ పండగలకీ చేత్తో గ్రీటింగ్ కార్డులు చేస్తాం. ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలిన పట్టు ముక్కలు, అట్ట, జిగురు, దాని మీద నిమ్మలకుంట పని. అక్కడ తోలుబొమ్మలకు చిన్న ఉలులతో చిల్లులు కొడతారు కదా, వెనక దీపం పెడితే బొమ్మ నగలన్నీ వెలుగుతాయి. ఆ పనినే మేం మందం కాగితం మీదికి తెచ్చుకున్నాం. జట్టులో పెద్దదైన టీచరక్క 2024లో రిటైరయింది. ఫంక్షన్ హాలు, శాలువాలు నాకొద్దు, ఎక్కడికైనా పోదాం పదండి అంది. పోతే కాగితం చేసే ఊరికే పోవాలని నేను పట్టుబట్టాను. అట్లా ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మాయి కుదిరింది. వెళ్ళింది నవంబరులో, సరిగ్గా పున్నమికి.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బెంగళూరు ఎయిర్‌పోర్టు మాకు హైవే మీదే తగులుతుంది. బ్యాంకాక్‌లో విమానం మారాలి. కత్తెరలు, ఉలులు చెకిన్ లగేజీలో వేసేస్తే టెన్షన్ ఉండదు.

చియాంగ్ మాయి పాత ఊరు నలుచదరంగా ఉంటుంది, చుట్టూ కందకం. 1296లో మంగ్రాయి రాజు కట్టించాడు. మేం వెళ్ళడానికి నెల ముందే పింగ్ నది పొంగి ఊళ్ళోకి వచ్చింది. ఏటి దగ్గరి గోడల మీద బురద గీత ఇంకా అట్లే ఉంది. "మన పండమేరు వాగు కూడా పోయిన నెలే కదక్కా పొంగింది!" అంది బ్యాంకు వదిన. గీత ఎంత ఎత్తుందో తన భుజంతో కొలిచి మరీ చూసింది.

నా భయమంతా తిండి గురించే. కార్తీకమాసంలో మాలో ముగ్గురు నీచు సంగతి అటుంచి, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. థాయ్ వంటల్లో చూస్తే కూరగాయల్లోనూ చేపల సాస్ పడుతుంది. ఈ చిక్కు ఒక పసుపు జెండాతో తీరింది. దాని మీద ఎర్రగా, మన కళ్ళకు 17 అని రాసినట్టు కనిపించే అక్షరాలుంటాయి. 'జే' అని పలకాలట. ఆ గుర్తున్న కొట్లో మాంసం, చేప, గుడ్డు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మన కార్తీక నియమాలు వీళ్ళకెవరు చెప్పారో! ఆ రోజు నుంచి ఏ సందులోకి తిరిగినా మాకు "పదిహేడు ఎక్కడ?" అన్నదే పాట. కొబ్బరిపాల పులుసులో నూడిల్స్ వేసి, పైన కరకరలాడే వేపిన నూడిల్స్ చల్లే ఖావ్ సోయ్ కూడా జే కొట్లో దొరికింది. జిగురన్నం చిన్న వెదురు బుట్టలో వస్తుంది. చేత్తో ముద్ద చేసి అద్దుకుని తినాలి. సంగటి తిన్న చేతులకు అది కొత్తేం కాదు. అయినా హిందూపురం చెల్లెలు సంచిలోంచి చెనిక్కాయల పొడి తీసి అందరి బుట్టల పక్కనా పోసింది.

రాత్రి భోజనానికి ఒక షరతు పెట్టుకున్నాం. రోజుకొకరు, ఆ పగలు చేతికి దొరికిన సరుకుతోనే కార్డు చేసి టీచరక్కకు ఇవ్వాలి. కొనకూడదు. బోర్డింగ్ పాసులు, టీ గ్లాసు అట్ట, అరటాకు నార అన్నీ కార్డులైపోయాయి. బ్యాంకు వదిన కార్డులో అతుకులు నిలవలేదు కానీ, లోపల రాసిన పద్యం విని పక్క బల్లవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

నేను వచ్చింది మాత్రం బోసాంగ్ కోసం. ఊరికి తూర్పున కాస్త దూరంలో ఉంది. కాగితం గొడుగులకు పేరు. ఆ కాగితాన్ని 'సా' అంటారు. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేస్తారు. మన హిందూపురం వైపు మల్బరీ ఆకు పట్టుపురుగుకు పోతుంది. ఇక్కడి మల్బరీ దాని దాయాది, పనికొచ్చేది బెరడు. లోపలి బెరడును నానబెట్టి, ఉడకబెట్టి, కడిగి, దంచుతారు. ఆ గుజ్జును తొట్టిలో నీళ్ళతో కలిపి, తెర బిగించిన చట్రాన్ని ముంచి పైకెత్తుతారు. ఆ పనిచేసే పెద్దావిడ చట్రాన్ని రెండు వైపులా ఒక్క ఊపు ఊపింది. అంతే, నార సమంగా పరుచుకుంది. నీళ్ళు కారిపోయాక చట్రంతో సహా ఎండకు పెట్టింది. ఎండిన షీటును మూల పట్టి లాగితే పరపరమంటూ ఊడి వచ్చింది. అంచులు పీచుపీచుగా ఉన్నాయి, నాకు నచ్చిందే అది. ఆ అంచును కత్తిరించి అమ్మే మన కొట్లవాళ్ళను తిట్టుకున్నాను.

పున్నమి నాడు వాళ్ళది లోయ్ క్రతోంగ్ పండగ. అరటి బోదె బిళ్ళ మీద అరటాకు మడతలు గుచ్చి, పూలు, కొవ్వొత్తి, అగరొత్తులు పెట్టి ఏట్లో వదులుతారు. మొక్కు గంగమ్మకే. మేమూ కూర్చుని చేశాం. టీచరక్క మడతలకు పక్కన చేస్తున్న బడిపిల్ల తల అడ్డంగా ఊపి, విప్పి మళ్ళీ పెట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలను దిద్దిన మనిషి కిక్కురుమనకుండా ఒప్పుకుంది. ఆకాశంలోకి కాగితం లాంతర్లు కూడా ఎగరేస్తారు. వాటి కోసం ఆ రాత్రుళ్ళు విమానాల వేళలే మారుస్తారు. తిరుగు టికెట్టు తీసుకునేటప్పుడు చూసుకోండి.

రిటైర్మెంట్ విందు ఏటి ఒడ్డునే. అందరం కలిసి చేసిన కార్డు సా కాగితానిదే. చిల్లులతో లేపాక్షి బసవన్నను కొట్టాం. బల్ల మీది కొవ్వొత్తి వెనక పెడితే మెడ గంటలు ఒక్కొక్కటీ వెలిగాయి. టీచరక్క దాన్ని తిప్పి చూసి, "తోక దగ్గర రెండు చిల్లులు తప్పాయి" అని మార్కులు తగ్గించింది.

కార్డులు చేసేవాళ్ళకు ఒక మాట. సా కాగితం మెత్తన, సిరా పీల్చి పాకుతుంది. జెల్ పెన్ పనికిరాదు, పెన్సిలో బాల్ పెన్నో వాడండి. ఉలి దింపేముందు వెనక పలచటి అట్ట అతికించుకుంటే చిరగదు. షీట్లు మడవకుండా గొట్టంలో చుట్టి తెచ్చుకోండి. సంక్రాంతికి మాకు వచ్చిన ఆర్డర్లన్నీ ఆ గొట్టంలోంచే వెళ్ళాయి.