జామచెట్టులో ‘టువిట్’ అన్నది ఎవరు?

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి పెరట్లో ఒక మామిడి, ఒక జామ, గోడవెంట నాలుగు మందార పొదలు ఉన్నాయి. వేసవిలో ఎండ ముదరకముందే అక్కడ అరగంట కూర్చుంటే ఎన్నో పక్షుల గొంతులు వినిపిస్తాయి గానీ, ఆకులు దట్టంగా ఉండడంవల్ల వాటిలో సగమైనా కంటికి కనిపించవు. అందుకే గొంతును బట్టి పక్షిని పోల్చుకోవడం కొన్నేళ్లుగా శ్రద్ధగా నేర్చుకుంటున్నాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువకాలం తికమక పెట్టినవి కుట్టుపిట్ట, బూడిదరంగు ప్రినియా. రెండూ పిచ్చుకకన్నా చిన్నవి. రెండూ తోక నిక్కించి పొదల అడుగునే తిరుగుతాయి. ఆకులను కుట్టి గూడు కట్టే విద్య కుట్టుపిట్టకే సొంతమని చాలామంది అనుకుంటారు గానీ, ప్రినియాకూ అది కొంత తెలుసు. కనిపిస్తే చిక్కులేదు: కుట్టుపిట్టకు ఆకుపచ్చ వీపు, ఇటుకరంగు నుదురు ఉంటాయి. కనిపించనప్పుడు చెవినే నమ్ముకోవాలి. కుట్టుపిట్ట ‘టువిట్-టువిట్-టువిట్’ అంటూ ఒకే మాటను ఒకే వేగంతో, అంత చిన్న ఒంటినుంచి వస్తున్నదంటే నమ్మలేనంత బిగ్గరగా పలుకుతుంది. ప్రినియా పిలుపు ముక్కుతో పలికినట్టుండే సన్నని ‘టీ-టీ-టీ’. పైగా ఒక పొదనుంచి మరొక పొదకు ఎగిరేటప్పుడు అది విద్యుత్తు తీగ చిటపటలాడినట్టు ‘కిట్-కిట్’మనే చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు గొంతుదికాదు, రెక్కలదని పరిశీలకులు భావిస్తారు. ఆ చిటపట ఒక్కసారి విన్న తరువాత నాకు ఈ రెండింటి విషయంలో సందేహం రాలేదు.

అయితే మూడవ అభ్యర్థి ఒకటి ఉంది, అది పక్షే కాదు. ఉడుత బెదిరినప్పుడు ‘చిప్-చిప్-చిప్’ అని చాలాసేపు ఆపకుండా అరుస్తుంది. కొత్తగా వినేవారు దానిని కుట్టుపిట్ట అని రాసుకోవడం సహజం. ఉడుత అరుపులో ప్రతి ముక్కా పొడిగా తెగిపోతుంది, కుట్టుపిట్ట పలుకులో రెండు స్వరాలు జారుతూ కలుస్తాయి. కనిపించే చోట ఉంటే, ఒక్కొక్క అరుపుకూ ఉడుత తోక ఎగిరిపడడం కూడా చూడవచ్చు.

కోకిల సంగతి వేరు. ఉగాది రోజుల్లో ‘కుహూ’ అని స్వరం పెంచుకుంటూ పోయేది మగపక్షి మాత్రమే. అదే చెట్టునుంచి ‘కిక్-కిక్-కిక్’ అని కీచుగా, తొందరతొందరగా వినిపించేది ఆడకోకిల. గోధుమరంగు ఒంటిమీద తెల్లని చుక్కలున్న ఆ పక్షిని మా పక్కింటి పిన్నిగారు చాలాకాలం డేగ జాతిది అనుకున్నారు. కాకులు దానిని తరుముతుండగా ఆ కీచుగొంతు వింటూ, అది కోకిలేనని, కాకి గూట్లో గుడ్లు పెడుతుందని చెప్పినప్పుడు ఆవిడ ఎంతో సంతోషించారు.

దూరంనుంచి వినేటప్పుడు కంసాలిపిట్టను, జెముడుకాకిని కూడా వేరుచేసుకోవాలి. కంసాలిపిట్ట ‘టుక్-టుక్’ రాగిరేకుమీద సుత్తి దెబ్బలా, నిమిషానికి వందకు పైగా, తడబడకుండా సాగుతుంది. ముక్కు మూసుకునే పలుకుతుంది, తల అటూ ఇటూ తిప్పుతుంది. అందువల్ల శబ్దం ప్రతిసారీ వేరే కొమ్మనుంచి వచ్చినట్టు తోచి, వెదికేవారికి మెడనొప్పే మిగులుతుంది. జెముడుకాకి ‘కూప్-కూప్’ ఖాళీ కుండలోంచి వచ్చినట్టు బరువుగా ఉండి, కొన్ని పలుకులకే ఆగిపోతుంది. కొంతసేపటికి జోడుపక్షి మరోవైపునుంచి బదులిస్తుంది.

లకుముకి, వడ్రంగిపిట్ట రెండూ గట్టిగా నవ్వినట్టే కూస్తాయి. తెల్లరొమ్ము లకుముకి నీళ్లు లేని పెరట్లలోనూ తొండలను, పురుగులను వేటాడుతుంది కనుక, ఊరి మధ్యలో అది ఉండదని కొట్టిపారేయకూడదు. ఆ నవ్వు విన్నప్పుడు నేను పేరు వెంటనే రాసుకోను. ఒక నిమిషం ఆగి, మామిడి మానుమీద ‘టక్-టక్’మని ముక్కు దెబ్బలు పడుతున్నాయేమో విన్న తరువాతనే రాసుకుంటాను.